మూడు అనకముందే మూసుకున్న కళ్ళు

మా ఇంట్లో తాత ఫోటోలో తాత నవ్వుతుంటాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన నవ్వడం మేమెవరమూ చూడలేదు. గట్టు తగాదా గెలిచిన రోజు కూడా పంచె దులుపుకుంటూ ఇంటికొచ్చి మజ్జిగ అడిగాడట, అంతే. అలాంటి మనిషి ఆ నలుపు తెలుపు ఫోటోలో, దండ వెనకనుంచి, కెమెరా వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటాడు. స్టూడియోవాడెవడో గట్టి జోకే చెప్పి ఉంటాడని అనుకునేవాళ్ళం.

నిజానికి అది సగం ఫోటో. పెళ్ళయిన కొత్తలో చీర కొనడానికి ధర్మవరం పోయినప్పుడు అవ్వా తాతా కలిసి దిగింది. తాత పోయాక దండ వేయడానికి ఒక్క ఫోటో కూడా దొరకలేదు, ఇది తప్ప. బతికున్న మనిషి బొమ్మకు దండ పడకూడదు గనక అవ్వను కత్తిరించేశారు. కత్తిరించమన్నది కూడా అవ్వే. ఆ ముక్క ఏమైందో తెలియదు. తాత కూర్చున్న కుర్చీ అంచు మీద అవ్వ వేళ్ళు నాలుగు మాత్రం మిగిలిపోయాయి. చిన్నప్పుడు అవి దయ్యం వేళ్ళనుకుని ఆ గోడ పక్కన నడిచేవాణ్ణి కాదు.

నేను హిందూపురంలో పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్‌ని. అవ్వ మాతోనే ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"ఊర్లో వాళ్ళకందరికీ తీస్తావు గదరా. నాకొకటి తియ్యి. మీ తాత పక్కన పెట్టుకుంటా."

ఇదెంత పని. డిజిటల్ కెమెరాతో ఇరవై తీసి, కళ్ళు తెరిచి ఉన్నది ఒకటే ఉంటే దాన్ని ఏరి, ముడతలు తీసేసి, ఫ్రేము కట్టించి తెచ్చాను. అవ్వ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదెవర్రా? టీవీలో వార్తలు చెప్పే ఆయమ్మా?"

ముడతలు తిరిగి పెట్టి, రంగులు తీసేసి, నలుపు తెలుపులో ఇంకొకటి తెచ్చాను. దాన్ని తాత పక్కన ఆనించి మళ్ళీ చూసింది.

"మీ తాతది ఫోటో. ఇది జెరాక్సు."

పుండు మీద కారం చల్లినట్టయింది. పన్నెండేళ్ళుగా ఈ పని మీదే బతుకుతున్నాను. కోపంగా లేచి వెళ్ళిపోబోతుంటే అవ్వ నెమ్మదిగా అంది: "ఇంగో మాట. నా కండ్లు తెరుచుకోని ఉండల్ల. ఆ పొద్దు మూసుకున్యా. అందుకే గదా కత్తిరించినాక నా ముక్కను ఎవురూ దాచిపెట్టల్యా. గుడ్డిదాని మాదిరి ఉండాదని."

నా కోపం అక్కడే చచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాట లోపల పెట్టుకుని ఆ గోడకింద కూర్చుని బియ్యం ఏరుకుందా అని బాధేసింది. తాత ఫోటో ఎలా తయారైందో అవ్వదీ అలాగే తయారవ్వాలి, కళ్ళు తెరిచి ఉండాలి. అంతే, ఫిలిం కెమెరా ఒకటి సంపాదించాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కెమెరా వచ్చిన మర్నాడే పెనుకొండ కొండెక్కాను, చెయ్యి తిరగాలని. కోట గోడలు తీశాను, గోడల మీద కోతుల్ని తీశాను. ముప్పై ఆరుకు అయిపోవలసిన రీలు నలభై రెండు దాటినా అయిపోలేదు. నా చేతి చలవ అనుకుని ఇంకో కోతిని తీశాను.

ఆ రీలు కడిగించుకోవడానికి ధర్మవరం పోయాను. అక్కడ ఒకప్పుడు స్టూడియో నడిపి మానేసిన పెద్దాయన ఉన్నాడని విన్నాను. చుట్టూ మగ్గాల చప్పుడు, మధ్యలో ఆయన ఇల్లు. మా తాత ఫోటో తీసింది ఆయనే అయుంటాడని ఆశపడ్డాను గానీ, ఆయనకు అప్పుడు పలకా బలపం వయసట. చీకటి గదిలోంచి రీలు పట్టుకొచ్చి నా ముందు వేలాడదీశాడు. గాజులా తెల్లగా ఉంది. ఒక్క కోతి లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కెమెరా చెడిపోయిందేమో అన్నాను.

"కెమెరా బాగుండాదప్పా. ఫిలిం కొస చక్రానికి తగిలించుకోల్యా నువ్వు. రీలు డబ్బాలోనే పండుకోనుండాది. ఎడమ పక్క ఈ పిడి తిరగతా ఉంటే ఫిలిం పోతాండాదని లెక్క. తిరగల్యా అంటే ఉత్త డబ్బా నొక్కతాండావని." ఆయన నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. "అయినా నలభై రెండు ఎట్ల వస్తాయనుకున్యావబ్బా?"

కొస ఎలా తగిలించాలో చూపించమని కెమెరా ఆయన చేతికిచ్చాను.

రెండో రీలు అవ్వ మీద. పెరట్లో కుర్చీ వేసి, పట్టుచీర కట్టించి, పొద్దున్నే మెత్తటి వెలుతుర్లో కూర్చోబెట్టాను. పిడి తిరుగుతోందో లేదో ప్రతిసారీ చూసుకున్నాను. "ఒకటి, రెండు, మూడు" అనడం, నొక్కడం. ఫిలింలో బొమ్మ ఎలా వచ్చిందో అప్పటికప్పుడు చూడలేం గదా, నమ్మకమే. మధ్యలో పక్కింటి మేక వచ్చి మల్లెతీగను నమలడం మొదలుపెడితే అవ్వ దాని వంశాన్ని ఎత్తి తిట్టింది. నా వేలు జారి అదీ ఒకటి పడింది. మిగతా ముప్పై అయిదూ మహా శ్రద్ధగా తీశాను.

ధర్మవరం పెద్దాయన ఆ రీలు కడిగి, భూతద్దం పెట్టి వరసగా చూసి, తల ఎత్తకుండానే అడిగాడు.

"నువ్వు లెక్క పెట్టినావా?"

"ఏం లెక్క సార్?"

"ఒకటీ రెండూ మూడూ అని."

పెట్టాను. పెళ్ళిళ్ళలో గొంతు పోయేదాకా అరిచే అలవాటు. ముప్పై అయిదింట్లోనూ అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. మేకను తిడుతున్నప్పుడు ఒక్కదాంట్లోనే కళ్ళు తెరిచి ఉన్నాయి, నోటితో సహా. ఆ ఒక్కటైనా నీ చేత్తో తెచ్చుకో అని పెద్దాయన నా మీద జాలిపడ్డాడు. బొమ్మను పెద్దది చేసే మిషనూ మూడు ట్రేలూ కాగితమూ ఇచ్చి, కాగితం మీద బొమ్మ ఎలా తేవాలో నేర్పి, బస్సెక్కించాడు.

మా ఇంట్లో రాగుల మూటలుండే కొట్టుగది చీకటి గది అయింది. కడగడానికి నీళ్ళు పారుతూ ఉండాలి. మా వీధికి కొళాయి వదిలేది సాయంత్రం. కాబట్టి పని సాయంత్రమే. అక్కడే వచ్చింది చిక్కు. దీపం పెట్టే వేళ ఇంట్లో ఏ గదీ చీకటిగా ఉండకూడదని అవ్వ నియమం. మొదటి రోజు మిషను కింద కాగితానికి వెలుతురు చూపించి, మందు ట్రేలో వేశాను. ఈపాటికి అవ్వ ముక్కు వచ్చుంటుందని ఆ చీకట్లో ఊహించుకుంటున్నాను. ఇంతలో తలుపు బార్లా తెరుచుకుంది, లైటు వెలిగింది.

"దీపం పెట్టే పొద్దు చీకట్లో కూకుంటే లచ్చుమ్మి యాడికొస్తాదిరా ఇంట్లేకి?"

ట్రేలో అవ్వ మొహం నల్లగా బొగ్గయిపోయింది.

రెండో రోజు గడియ వేసుకున్నాను. అవ్వ తలుపు కొట్టింది, బతిమాలింది, నాయన్ను పిలిచింది. నాయన అవ్వ పక్షమే. కిటికీకి కట్టిన నల్ల దుప్పటి బయటినుంచి లాగి, వీధి వెలుతురు లోపలికి పంపాడు. ఇంకో అవ్వ బొగ్గయింది. మూడో రోజూ అంతే. కాగితాలు నాలుగే మిగిలాయి. ధర్మవరం ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను.

"ఎర్ర బల్బు పెట్టుకోల్యావా ఏమి?" అన్నాడు పెద్దాయన. "ఫోటో కాగితానికి ఎరుపు కనపడదప్పా. చెప్పినా గదా నీకు."

చెప్పాడు. మిషను బస్సులో ఎలా ఎక్కించాలా అన్న ధ్యాసలో నేను వినలేదు. పండక్కి తెచ్చిన ఎర్ర బల్బుకోసం ఇల్లంతా వెతికాను గానీ, చివరికి పెద్దాయన పంపిన బల్బే తగిలించాను. దాని స్విచ్చు అవ్వ చేతికే అప్పగించాను.

సాయంత్రం అవ్వ కాళ్ళు కడుక్కుని వచ్చి, స్విచ్చు వేసి, ఎర్ర బల్బుకు దండం పెట్టింది. "దీపం దీపమే. రంగుదేముండాది," అని రాగుల మూట మీద కూర్చుంది.

ముందు ముప్పై ఆరు బొమ్మల్నీ గోరంత గోరంతగా ఒకే కాగితం మీద తీసి నీళ్ళలో వేశాను. తర్వాత అసలుది. ట్రేలో తెల్ల కాగితం మీద కొంగు అంచు వచ్చింది, గాజులు వచ్చాయి, కళ్ళు వచ్చాయి. నాకు గంతులేయాలనిపించింది.

"చూడవ్వా, కండ్లు."

అవ్వ వంగి చాలాసేపు చూసింది.

"దీంట్లో నేనెవుర్ని తిడ్తాండా?"

"మేకను."

అవ్వ మొహం చిన్నబుచ్చుకుంది. అడిగిందంతా దొరికింది గదా, మరి మొహం ఎందుకలా పెట్టిందో నాకర్థం కాలేదు. పక్కన నీళ్ళలో ఉన్న చిన్న బొమ్మల కాగితం వైపు తిరిగింది. ఎర్ర వెలుతురులో ఒక్కొక్కటీ చూస్తూ పోయి, ఒకదాని మీద వేలు పెట్టింది. గట్టిగా మూసుకున్న కళ్ళు, బిగబట్టిన పెదాలు.

"ఇది పెద్దది చెయ్యి."

"కండ్లు మూసుకున్యావవ్వా దాంట్లో."

"తెలుసులేరా. ఆ పొద్దు గూడా ఇట్లనే. ఆ స్టూడియో ఆయప్ప లెక్కపెడ్తాంటే నాకు బయమాయ. రెండు అనంగానే మూసుకున్యా. మీ తాత ఓరకంట చూసినాడు." అవ్వ నవ్వుతోందో ఏడుస్తోందో ఆ ఎర్ర వెలుతురులో తెలియలేదు. "మూడు అనేతలికి నగు ఆపుకోలేకపాయ. నా మొగం చూసేరా మీ తాత నగింది. దాన్నే కత్తిరిచ్చి పారేస్తిమి."

తొందరపడి ఒక కాగితం పాడుచేశాను. చివరిదాని మీద వచ్చింది.

మర్నాడు తాతకు కుడిపక్కన మేకు కొట్టబోతుంటే అవ్వ ఆపింది.

"ఆ పక్క కాదు. మీ తాత చూస్తాండేది ఈ పక్కకు."