లోపలి గడియారం

ఎండాకాలం వస్తే మా ఆఫీసు క్యాంటీన్‌లో డబ్బా మామిడి రసం పెడతారు. చెట్టున పండిన పండు వాసన వేరు, ఆవిరిలో ఉడికిన గుజ్జు వాసన వేరు. మొదటిది ఎవరికైనా నోరూరిస్తుంది. రెండోది నాకు పడదు. మొన్న మా టీములోని ఒక అబ్బాయి గ్లాసు చేతికిచ్చి "తాగండి మేడం, చల్లగా ఉంది" అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, తమిళ సీమలో ధర్మపురి నుంచి పాలక్కోడు పోయే దారిలో ఉన్న ఆ గుజ్జు ఫ్యాక్టరీ, తడిసిన సిమెంటు నేల, ఆవిరిలో మసకగా కదిలే ఆడవాళ్లు, వాళ్ల మధ్య చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన రాజేశ్వరి మిస్, అన్నీ కళ్లముందుకు వచ్చాయి. గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ అబ్బాయికి నిలబడి చెప్పేంత చిన్న కథ కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు పంతులమ్మను మిస్ అంటారు. రాజేశ్వరి మిస్ ధర్మపురి బస్టాండు పక్కన, ఒక సైకిల్ షాపు మీద మేడగదిలో కంప్యూటర్ సెంటర్ నడిపేది. డిప్లొమా ముగించి సోగత్తూరులో మా ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను పిలిచి పని ఇచ్చింది. నేను పాఠాలు చెప్పాలి, చెడిన మిషన్లు బాగు చెయ్యాలి. మనిషి సన్నగా ఉండేది, గంజి పెట్టిన నూలు చీర కట్టేది, కోపం వస్తే గొంతు తగ్గించేది. ఆమె గొంతు తగ్గిందంటే మేమంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవాళ్లం. మా ఇద్దరిదీ తెలుగు మాట్లాడే ఇల్లే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం ఆమెకు రాదు, అప్పట్లో నాకూ రాదు. ఈ అక్షరాలు నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆమె ఈ రోజు ఉన్నా ఇది చదవలేకపోయేది. నేనే చదివి వినిపించేదాన్ని, ఆమె నాలుగు తప్పులు పట్టేది.

రెండువేల సంవత్సరం తర్వాతి ఆ రోజుల్లో మిస్ కొత్తగా ఒక ఎమ్యులేటర్ తెచ్చింది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే ప్రోగ్రాం అది. లోపలి మిషన్‌కు ఒళ్లు లేదు, కానీ దానికీ డిస్కు ఉంది, మెమరీ ఉంది, గడియారం ఉంది. పక్కనే ఒక నల్ల కిటికీ తెరుచుకునేది. అందులో టైపు చేసి లోపలి మిషన్‌లోని ఒక్కొక్క భాగాన్నీ పలకరించవచ్చు. నీ సైజు ఎంత, నువ్వు దేనికి తగులుకుని ఉన్నావు, ఇప్పుడు నీలో టైమెంత అని అడిగితే జవాబు చెబుతుంది. కొన్ని గుణాలను అక్కడికక్కడే మార్చవచ్చు కూడా. నాకు ఆ మార్చడం మీదే మోజు. మొదటి రోజే మెమరీ సైజు మార్చి పారేశాను. మిషన్ మళ్లీ లేవలేదు. మిస్ వచ్చి చూసి గొంతు తగ్గించింది.

"ముందు ఎంత ఉండె?"

"చూడలేదు మిస్."

"చూడకుండా మార్చితే ఇప్పుడు వెనక్కి యాడికి పోతావు కణ్ణు? ముందు అడగాల. అది చెప్పింది వినాల. మళ్లా చెయ్యి పెట్టాల."

కణ్ణు అంటే తమిళంలో కన్ను. మా వైపు ముద్దుగా పిలిచే పిలుపు. తిట్టేటప్పుడు కూడా ఆమె ఆ మాట వదిలేది కాదు. ఇంకొక సంగతి కూడా ఆ రోజే చెప్పింది. మిషన్ నడిచేటప్పుడు కొన్ని గుణాలు మార్చబోతే కుదరదని మొండికేస్తాయి. నాకు విసుగొచ్చి దీనికెంత పొగరు అన్నాను. "పొగరు కాదు. దాన్ని ఆనుకొని ఇంకేవో నిలబడి ఉండాయి. అది కదిలితే అవి పడతాయి. అందుకే కదలనంటుంది" అంది. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత తేలికగా ఎవరూ నాకు ఈ ముక్క చెప్పలేదు. దురదృష్టం ఏమిటంటే, గడియారం మాత్రం అలా మొండికేసే రకం కాదు. ఎవరు ఎటు తిప్పినా తిరిగేది.

ఆ ఎమ్యులేటర్ వల్లే గుజ్జు ఫ్యాక్టరీ పని మాకు దొరికింది. అక్కడ గుజ్జు నింపిన డబ్బాలను తొట్టిలో పెట్టి ఆవిరి పట్టేవాళ్లు. తొట్టి నిండగానే ఒక మీట నొక్కితే పాత కంప్యూటర్ టైము చూసుకునేది, ఉడకాల్సినంత సేపు గడిచాక కూత పెట్టేది. ఆ కంప్యూటర్ కాలిపోయింది. దాని ప్రోగ్రాం కొత్త మిషన్లలో నడవదు. మిస్ పాత డిస్కులో ఉన్నదంతా తీసి, కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్‌ను మళ్లీ బతికించింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లోపలి గడియారం వెనకబడేది కాబట్టి, దాన్ని నల్ల కిటికీలోంచి ఎలా సరిచెయ్యాలో సూపర్‌వైజర్ మునిరత్నానికి నేర్పింది. అతను ఒకసారికే పట్టేసుకున్నాడు. అది చూసి మిస్ మెచ్చుకుంది కూడా.

తొట్టి దగ్గర ఆవిరి వాల్వు చూసుకునే ఆమె పేరు పాపమ్మ. వెల్లిచందై నుంచి పొద్దున్నే బస్సులో వచ్చే కూలి. మేము తెలుగు మాట్లాడుకోవడం విని దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, ఈ పెట్టెలో ఇంకో పెట్టె ఉండాదంట. నిజమా?"

"నిజమే పాపమ్మా."

"అయితే నేను ఎవరి మాట వినాల? బయటి దానిదా, లోపలి దానిదా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. మిస్ నవ్వలేదు. మంచి ప్రశ్న అంది. "లోపలి దాని మాట విను. కూత వినపడితే వాల్వు మూసెయ్. ఇంకెవరి మాటా వినొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పాపమ్మ తల ఊపి వెళ్లిపోయింది.

ఆ ఏడు సీజన్‌లో మొదటి తొట్టి ఒక ఆదివారం పెట్టారు. ముదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని, మంచి వేళ చూడనిదే తుమ్మడు కూడా. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు మొదలవుతుంది. ఆ లోపే మొదటి తొట్టి ఆవిరికి ఎక్కాలని ఆయన పట్టు. పండ్ల లారీ ఆలస్యమైంది. గుజ్జు తీసి డబ్బాలు నింపేసరికి రాహుకాలం వచ్చేసింది. రేపటికి ఆపితే పండు చెడుతుంది, ఇప్పుడు ఎక్కిస్తే సీజన్ చెడుతుంది. అప్పుడు ముదలాళికి ఒక ఆలోచన వచ్చింది. తొట్టి ఏ వేళకు ఎక్కిందో చెప్పేది ఆ కంప్యూటరే కదా, దాని గడియారం అరగంట వెనక్కి తిప్పితే సరిపోతుందని. దేవుడి కళ్లు కప్పడానికి మనవాళ్లు కనిపెట్టని ఉపాయం లేదు. మునిరత్నం మిస్ నేర్పినట్టే తిప్పాడు. కర్పూరం వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు, మీట నొక్కారు. ముదలాళి కారెక్కి పోగానే, మునిరత్నం గడియారాన్ని తిరిగి అరగంట ముందుకు తెచ్చి సరిచేశాడు. ప్రోగ్రాంకు ఈ పూజల సంగతి ఏం తెలుసు? అరగంట గడిచిపోయిందనుకుంది. డబ్బాలు సరిగా ఉడకకముందే కూత పెట్టింది. పాపమ్మ వాల్వు మూసింది.

ఈ కథంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, కొన్నాళ్లకు గోడౌన్‌లో మొదటి తొట్టి డబ్బాలు ఉబ్బిపోయాయని. ఇంకా బయటికి పోలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏ పసిబిడ్డ నోటికి చేరేదో. తెరమీద చూస్తే ఉడకాల్సినంత సేపూ ఉడికినట్టే ఉంది. ఇక మిగిలింది వాల్వు మూసిన చెయ్యి. పాపమ్మను రావద్దన్నారు. డబ్బాలు చెడగొట్టిన ఆడది అన్న పేరు పడితే ఆ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలోనూ వాల్వు కాదు కదా, చీపురు కూడా ఇవ్వరు. సీజన్ మూడు నెలల కూలితోనే ఏడాది నెట్టుకొచ్చే ఇల్లు ఆమెది.

మిషన్‌లో దోషం లేదని ఒక మాట చెప్పిపోమని ముదలాళి మిస్‌కు కబురు పెట్టాడు. మిస్‌తో నేనూ వెళ్లాను. ఆమె నేరుగా వెళ్లి నల్ల కిటికీ తెరిచి ఒక్కొక్క భాగాన్నీ అడగడం మొదలుపెట్టింది. గడియారం దగ్గర ఆగింది. బయటి టైముకంటే అది కొన్ని నిమిషాలు ముందుంది. "కరెంటు పోతే వెనకబడుతుంది గాని ముందుకు పోదు. ఇది చేత్తో పెట్టిన టైము" అంది. మునిరత్నం నేలచూపులు చూస్తూ ఆ ఆదివారం సంగతంతా బయటపెట్టాడు. మిస్ మళ్లీ తెర వైపు తిరిగింది. ఆ లోపలి మిషన్‌కు ఒక నకలు తీసి, దాన్ని నడిపించి, గడియారం వెనక్కి తిప్పి, మీట నొక్కింది. మాకు కాఫీలు తెచ్చారు. ఆమె గడియారాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. నా కాఫీ ఇంకా చల్లారలేదు, కూత మోగింది. ఖాళీ తొట్టి పక్కన ఆ కూత అలా మోగుతూనే ఉంది.

ముదలాళి తన కాఫీ పక్కకు జరిపాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "ఇదంతా ఎందుకు మిస్? మిషన్ మంచిదే అని ఒక్క మాట చాలు. వచ్చే సీజన్ కూడా మీకే."

"మిషన్ మంచిదే సార్. చెప్పింది చేసింది. పాపమ్మా చెప్పిందే చేసింది. ఆ గడియారాన్ని ఆనుకొని ఏమేమి ఉండాయో చెప్పకుండా, తిప్పేది మాత్రం నేర్పించినాను నేను. తప్పు నాది. నా పేరు చెప్పండి, ఆమెను పనికి పిలవండి."

గొంతు బాగా తగ్గించి చెప్పింది. మరుసటి రోజు పాపమ్మ తొట్టి దగ్గరికి వచ్చింది. మాకు ఆ ఫ్యాక్టరీ గడప అంతటితో సరి. 'ఆ మిస్ పెట్టిన పెట్టె వల్ల సరుకు పోయింది' అన్న మాట మిగతా ఫ్యాక్టరీలకూ పాకింది. పిల్లలు తగ్గారు, పని తగ్గింది, ఏడాది తిరక్కుండా మేడగదికి తాళం పడింది. ఆమె పాలక్కోడులో ఒక బడిలో చిన్న ఉద్యోగానికి చేరింది. నేను బెంగుళూరు వచ్చేశాను.

ఆ రోజు తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. "వెనక్కి తిప్పమన్నది ముదలాళి. తిప్పింది మునిరత్నం. మధ్యలో మీరెందుకు మిస్ నెత్తిన పెట్టుకున్నారు?" అని నిలదీశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"ముదలాళి మీద పెడితే ఆయన మునిరత్నం మీదికి తోస్తాడు. మునిరత్నం పాపమ్మ మీదికి తోస్తాడు. అత్త మీది కోపం దుత్త మీదికి వచ్చినట్ల, ఎట్ల పోయినా అది ఆమె దగ్గరే ఆగుతుంది. నా మీద అయితే ఆడనే నిలబడుతుంది. నాకంటే కింద ఎవరూ లేరు కదా, నువ్వు తప్ప."

నేను ఏడ్చాను. ఆమె కొంగు తీసి ఇచ్చింది.

మిస్ జబ్బుపడి పోయిందన్న కబురు నాకు ఆలస్యంగా అందింది. వెళ్లేసరికి పదకొండో రోజు. వాకిట్లో ఆకులు కడుగుతున్న ఒక ఆమె నన్ను చూసి లేచి వచ్చింది. జుట్టు నెరిసింది, గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. పాపమ్మ. టీచరమ్మ మంచాన పడినప్పటి నుంచి వస్తున్నదట. నేను ఆ నల్ల కిటికీలో ఆ రోజు మిస్ తప్పు ఎలా పట్టిందో ఆమెకు చెప్పబోయాను. పాపమ్మ నా మాట సగంలో ఆపింది.

"పెట్టెను అడిగి పట్టలేదమ్మా. అంతకు ముందు దినమే మా ఇంటికి వచ్చినాది. అంతవరకు నన్ను తిట్టినోళ్లే గాని అడిగినోళ్లు ఒక్కరు లేరు. ఆమె చాప మీద కూచుని, 'పాపమ్మా, నీకు ఆ దినం ఏం వినపడింది' అనింది. కూత తొందరగా వచ్చింది టీచరమ్మా, నాకూ అనుమానమే, కానీ నువ్వు పెట్టె మాటే వినమంటివి కదా అన్నాను. నా చేతులు రెండూ పట్టుకుని, 'అయితే తప్పు చెప్పింది నేనే' అనింది. తెల్లారి పోయి మీ పెట్టె ముందర కూచుంది."

ఇన్నేళ్లూ ఆ మిషనే మాకు నిజం చెప్పిందని నమ్మాను. ఆమె దగ్గర నేర్చుకున్నదంతా ఆ నల్ల కిటికీలోనే ఉందనుకుని, దానితోనే బతుకు సంపాదించుకున్నాను. ఇప్పుడు మా ఆఫీసులో ఏదైనా చెడితే అందరూ తెరల చుట్టూ చేరతారు, పెద్దవాళ్లు ఎవరు చేశారని అరుస్తారు. నేను తెర దగ్గరికి తర్వాత వెళ్తాను. ముందు ఆ గదిలో ఎవరి మీద నెపం పడబోతున్నదో వెతుకుతాను. వాళ్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నీకు ఏం కనిపించింది అని అడుగుతాను.