దిష్టి తీసిన అవ్వ

గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా కేంద్రానికి వచ్చే నాలుగేళ్ల భార్గవికి ఆస్తమా. వాళ్లమ్మ ఒక ఇన్‌హేలర్ నా దగ్గరే ఉంచి, ఎలా పీల్పించాలో చూపించింది. మిగతా పిల్లలు జడుసుకోకుండా, బొమ్మకు ఆయాసం వచ్చినట్టు ఆట ఆడించేదాన్ని.

ఒకరోజు భార్గవి అందరి ముందూ చక్కగా పాట పాడింది. మర్నాడు దగ్గు పట్టుకుంది. దిష్టి తగిలిందని వాళ్లవ్వ నిప్పులతో కేంద్రానికే వచ్చి, నేను లోపల గుడ్లు ఉడకబెడుతుండగా, ఎండుమిరపకాయలు పాప చుట్టూ తిప్పి ఆ నిప్పుల్లో వేసేసింది. గదంతా ఘాటు. భార్గవికి ఊపిరి ఆడలేదు.

పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తి, ఇన్‌హేలర్ పెట్టాను. "అయ్యో, నా బిడ్డ!" అంటూ అవ్వ పాప మీదికి వస్తుంటే మా పిల్లలే చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. "అవ్వా, మీద పడొద్దు, గాలి రానీ" అన్నాడు ఐదేళ్లు నిండని శీను. బొమ్మాటలో రోజూ నేను చెప్పే మాటే అది! కాసేపటికి భార్గవి తేరుకుంది. ఆ వెంటనే ఆస్పత్రిలోనూ చూపించాం.

మరుసటి రోజు అవ్వ మళ్లీ మిరపకాయలతో ప్రత్యక్షం!

"ఏందవ్వా, మళ్లీనా?" అని అరిచాను.

"నీకూ ఈ పిల్లోళ్లకూ తీయాలమ్మా. నిన్న మీరు చేసిన పని చూసి నా కన్నే తగిలింటాది" అంది.

మా అందరికీ తిప్పి, ఆ మిరపకాయల్ని కొంగున ముడేసుకుంది. "కాల్చనులే, ఊరి బయట పారేస్తా" అంటూ వెళ్లిపోయింది.

ఇంతకు మించిన సన్మానం నా ఉద్యోగంలో నాకు జరగలేదు, జరగనక్కర్లేదు కూడా.