ముప్పైనాలుగు దగ్గర ఆగిపోయిన నడుము

ఆ వీధిలో టైలరు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి నడుము కొలతా వాళ్ళకి చెప్పడు. మెడ చెబుతాడు, భుజం చెబుతాడు, చెయ్యి పొడవు అడక్కుండానే చెబుతాడు. టేపు నడుము చుట్టూ తిరిగేసరికి మాత్రం నోటికి తాళం పడుతుంది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని అంకె చూస్తాడు, సుద్దతో బట్ట మీద ఏదో గీసుకుంటాడు, "పాత కొలతేనండీ" అంటాడు. మరి పాత ప్యాంటు పట్టడం లేదేమని అడిగారో, సమాధానం నాలిక చివరే ఉంటుంది. "బట్ట కుంచించుకుపోయిందండీ."

ఈ లెక్కన ఆ ఊళ్ళో మనుషులెవరూ లావెక్కలేదు, బట్టలే చిక్కిపోయాయి. బేకరీ ఆయన కౌంటరు వెనకనుంచి బయటికి రావాలంటే పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, ఎవరినైనా చెయ్యి అందించమనాలి. అయినా ఆయనది పాత కొలతే. హెడ్మాస్టరు గారి కోటు బొత్తాం ఊడి మొదటి బెంచీ దాకా ఎగిరిన రోజున బాబాయి ఆ కోటు పట్టుకుని, దారం నాసిరకమని దారాన్ని తిట్టాడు. ఒకసారి ఎవరో నైలాను ప్యాంటు తెచ్చి, ఇది కుంచించుకుపోయే రకం కాదు కదా అని నిలదీశారు. బాబాయి దాన్ని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మొండి రకమండీ, ఆలస్యంగా కుంచించుకుంటుంది" అన్నాడు.

ఈ మాటల్ని అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఎవరనుకున్నారు? తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారు. గింజంత తేడా ఉన్నా త్రాసు పట్టేసే మనిషి. పెట్రోలు బంకులో కొలపాత్ర పెట్టాడంటే యజమానికి చెమటలు పట్టాలి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పైసా లంచం ముట్టడు. అయితే షాపువాళ్ళ మనసు ఊరుకోదు గదా, కూల్‌డ్రింకు మూత తీసి చేతికిస్తారు. అది లంచం కాదు, దాహం అని ఇన్‌స్పెక్టరు గారి సిద్ధాంతం. షాపులు బోలెడు. దాహమూ అంతే. పక్కవీధికి కూడా స్కూటరు మీదే వెళతాడు, ఎందుకంటే సంచిలో తూకపు రాళ్ళున్నాయంటాడు.

పెళ్ళి సూటు వేరే ఊళ్ళో కుట్టించుకున్నాడు. అక్కడి టైలరు నడుము ముప్పైనాలుగన్నాడు. ఆ తర్వాత ఈ ఊరొచ్చి బాబాయి చేతిలో పడ్డాడు. ఇక అక్కణ్ణుంచీ పాత కొలతే. "మా ఇంట్లో గోడలు వంగాయి గానీ నా నడుము వంగలేదు, పెళ్ళినాటి నడుమే" అని బావమరుదుల దగ్గర కోతలు కోసేవాడు. వాళ్ళు ఆయన పొట్ట వంకా, ఒకరి మొహం వంకా ఒకరూ చూసుకుని, అక్క మొహం చూసి ఊరుకునేవాళ్ళు.

ఇలా ఉండగా ఒకరోజు భార్య, తనకి రక్తపరీక్ష చేయించుకోవాలని ఉందనీ, సూదంటే భయమనీ, ముందు మీరిస్తే చూసి ధైర్యం తెచ్చుకుంటాననీ గారాలు పోయింది. మగధీరుడిలా చొక్కా చెయ్యి మడిచాడు మన ఇన్‌స్పెక్టరు. ఆవిడ రిపోర్టు ముత్యంలా వచ్చింది. ఆయన రిపోర్టులో కాలేయం ఎంజైములు ఉండాల్సినదానికి రెట్టింపున్నాయి. స్కానింగు తీస్తే కాలేయం నిండా కొవ్వు పేరుకుందని తేలింది.

డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న తాగుడు అలవాటుందా అని. గది తలుపు తీసే ఉంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా మెడలు ఇటు తిప్పారు. ఇన్‌స్పెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. చుక్క ముట్టనని డాక్టరమ్మకి ఒకసారీ, బెంచీలకి వినపడేలా ఇంకోసారీ చెప్పాడు. ఆమె నెమ్మదిగా వివరించింది. తాగనివాళ్ళకీ ఈ కొవ్వు పడుతుందట. తీపి పానీయాలు, కూర్చునే ఉద్యోగం, నడుము చుట్టూ పేరుకున్న పొట్ట, ఇవి చాలట. షుగరు కూడా గుమ్మం దాకా వచ్చి నిలబడిందట. నొప్పి లేదు కదా అంటే, నొప్పి పెట్టేదాకా ఆగితే కాలేయం గట్టిపడిపోతుందంది. ఇప్పుడు మేలుకుని బరువు తగ్గితే చాలావరకు వెనక్కి మళ్ళుతుందంది.

"పైసా లంచం ముట్టని చేతులండీ ఇవి" అన్నాడాయన. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

"చేతులు బాగానే ఉన్నాయండీ. కాలేయమే బాగాలేదు" అంది డాక్టరమ్మ. "నడుమెంత?"

"ముప్పైనాలుగు."

డాక్టరమ్మ ఆయన వంక చూసింది. ఆయన భార్య కిటికీ వంక చూసింది. నర్సు టేపు తెచ్చి, బొడ్డు మీదుగా చుట్టి, నలభైమూడంది. మీ టేపు తప్పని ఇన్‌స్పెక్టరు గారు కేకలేశాడు. తప్పుడు కొలతలంటే ఆయనకి ఒళ్ళు మంట కదా, సంచిలోంచి ప్రభుత్వ ముద్ర ఉన్న తన సొంత టేపు తీసి, తన నడుముకి తనే చుట్టుకున్నాడు. నలభైమూడున్నర. పాపం, నర్సు మొహమాటపడి అర అంగుళం తగ్గించి చెప్పింది.

ఆ క్షణాన ఆయనకి కలిగింది భయం కాదు, సిగ్గు. ఊరందరి కొలతలూ దిద్దే మనిషికి తన కొలత తెలియదు. పొట్ట లోపలికి లాక్కుని బెంచీల మధ్యనుంచి బయటికి నడిచాడు. గేటు దాటాక ఊపిరి వదిలితే ప్యాంటు హుక్కు కూడా సెలవు తీసుకుంది.

సిగ్గుపడ్డ మగవాడికి ముందు కావాల్సింది నేరం మోపడానికి ఇంకో మనిషి. భార్యని ఇంటి దగ్గర దింపి, స్కూటరు తిన్నగా టైలరు షాపుకి పోనిచ్చాడు. అక్కడ బేకరీ ఆయనా, హెడ్మాస్టరు గారూ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరు గారు బాబాయి మెడలోని టేపు లాగి, బల్ల మీద తన ఉక్కు స్కేలు పక్కన పరిచి, మొదటినుంచి చివరిదాకా చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అచ్చంగా నిజం చెప్పే టేపు. బాబాయి కోసిన బట్టా సరైనదే, కుట్టిన ప్యాంటూ సరైనదే. తప్పల్లా నోటిదే. నోటికి ముద్ర వేసే చట్టం ఆయన ఎంత వెతికినా దొరకదు. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

"ఇన్నాళ్ళూ నా కళ్ళు కప్పావు. పాత కొలత, పాత కొలత అంటూ నన్ను వెధవని చేశావు. దొంగవి నువ్వు" అన్నాడు అందరిముందూ.

బాబాయి టేపు చుట్టి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. మొహం చిన్నబోయింది. "రిపోర్టు ఎలా వచ్చిందండీ?" అని మాత్రం అడిగాడు. రిపోర్టు సంగతి నీకెవరు చెప్పారని అడగాలని కూడా తోచనంత కోపంలో ఇన్‌స్పెక్టరు గారు స్కూటరెక్కేశాడు. వెనక హెడ్మాస్టరు గారు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పొట్ట తడుముకుంటూ ఉండిపోయారు.

ఇంటికొచ్చి, టైలరుని ఎలా దులిపేశాడో భార్యకి వర్ణించి చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"నాకు సూదంటే భయమని నిజంగానే నమ్మారా?" అంది. "ఇద్దరు పిల్లల్ని కన్నానండీ నేను."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఎవరింటికీ బట్టలు తెచ్చివ్వని బాబాయి, ఆమధ్య ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారు ఆఫీసులో ఉన్నప్పుడు కుట్టిన ప్యాంటు పట్టుకుని వచ్చాడట. కూర్చోమంటే కూర్చోలేదట. జేబులోంచి రెండు దారాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడట. ఒకటి పొట్టిది, పోయినేటి నడుము. రెండోది పొడుగుది, ఈ ఏటిది. ఆవిడ ముందు కూడా అంకె చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"లోపల ఏముందో నాకేం తెలుసమ్మా, నాకు తెలిసింది బట్టే" అన్నాడట. "చేతులూ కాళ్ళూ అలాగే ఉండి పొట్ట ఒక్కటే పెరుగుతుంటే నాకెందుకో భయమేసింది. ఎలాగోలా డాక్టరుకి చూపించండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

తనకి నవ్వొచ్చి, అదేదో ఆయనకే చెప్పొచ్చు కదా అందట ఆవిడ. బాబాయి తల అడ్డంగా ఊపాడట. "మొహం మీద చెబితే మగాడు సిగ్గుపడతాడమ్మా. సిగ్గుపడ్డవాడు డాక్టరు దగ్గరికి పోడు, వదులు చొక్కా కుట్టించుకుంటాడు. అదీ ఇంకో టైలరు దగ్గర."

అంతటితో అయిందా? ఆ దారాలు ఒక్క వాళ్ళింటికే రాలేదు. హెడ్మాస్టరు గారి అక్కకి వచ్చాయి, బేకరీ ఆయన కోడలికి వచ్చాయి. బాబాయి గుమ్మంలోకి వచ్చి దారం తీశాడంటే ఇంట్లో మగాణ్ణి పరీక్షకి బయల్దేరదీయాలని వీధిలో ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది పొట్టలున్నవాళ్ళకే.

ఇన్‌స్పెక్టరు గారు మంచం చివర కూలబడ్డాడు. ఆస్పత్రిలో పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది. అది పొట్టకి సంబంధించిన సిగ్గు, ఇది మనిషికి సంబంధించింది. తన పరువు కాపాడినవాడి పరువు నలుగురిలో తీసి వచ్చాడు. అద్దంలోకి చూడబుద్ధి కాలేదు. అన్నం గోడవైపు తిరిగి తిన్నాడు, అదీ కొంచెమే. డాక్టరమ్మ చూస్తే సంతోషించేది.

పొద్దున్న షాపు ముందు స్కూటరు లేదు. ఇన్‌స్పెక్టరు గారు నడిచి వచ్చాడు, ఆయాసపడుతూ. బేకరీ ఆయనా హెడ్మాస్టరు గారూ నిన్నటి బట్టలు తీసుకోవడానికి వచ్చి ఉన్నారు. ఆయన ఎవరివంకా చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. సంచిలోంచి తన టేపు తీసి, చొక్కా పైకెత్తి, నడుముకి చుట్టుకున్నాడు.

"నలభైమూడున్నర" అన్నాడు గట్టిగా. "బాబాయి టేపు తప్పు కాదు, బాబాయీ తప్పు కాదు. నా కాలేయం నిండా కొవ్వుంది. రోజూ షాపుషాపుకీ తాగిన కూల్‌డ్రింకుల పుణ్యం. నిన్న మీ ముందే ఆయన్ని దొంగన్నాను గనక ఇవాళ మీ ముందే చెబుతున్నాను."

బాబాయి ఎవరో తన చొక్కా విప్పినట్టు కంగారుపడిపోయాడు. "అయ్యా, నెమ్మదిగా అండీ, రోడ్డు మీదికి వినపడుతుంది" అని బతిమాలాడు.

బేకరీ ఆయన ఆ టేపు వంక చూశాడు. తన పొట్ట వంక చూసుకున్నాడు. మా కోడలు ఏదో పరీక్ష, ఏదో పరీక్ష అని ప్రాణం తీస్తోంది, అసలు సంగతేమిటో చూద్దాం, ఇటివ్వండి అని లేచాడు. టేపు చుట్టూ తిరిగి రావడానికి హెడ్మాస్టరు గారు సాయం పట్టాల్సి వచ్చింది. బేకరీ ఆయన అంకె చదివి, ఒకసారి మింగి, పకపకా నవ్వాడు. తర్వాత హెడ్మాస్టరు గారు కోటు విప్పారు.

ఆ అంకెలు వినలేక బాబాయి బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు గారు వెనకాలే వచ్చాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడకేసి తిరిగి నిలబడ్డారు.

"నిన్న నోరు పారేసుకున్నాను. ఏమనుకోకు" అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు. "సిగ్గేస్తోంది బాబాయ్. పొట్టకి కాదు. నీ మొహం చూడాలంటే సిగ్గేస్తోంది."

బాబాయి కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"అయినా వచ్చారుగా" అన్నాడు. "నడిచి కూడా వచ్చారు."

లోపల హెడ్మాస్టరు గారు తన అంకె చదివినట్టున్నారు, పెద్ద నవ్వు వినపడింది. బాబాయి గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. ఆయన చేతులు దించేదాకా ఇన్‌స్పెక్టరు గారు పక్కనే నిలబడ్డాడు.