నెమరు వెయ్యని రాగిణి

నా ఆఖరి పోస్టింగ్ బెజవాడ. నవ్వకండి. మిలట్రీ అంటే మీకు మంచుకొండలే కనిపిస్తాయి. గుర్రం అంటే పెళ్లి ఊరేగింపు. కాలేజీ కేడెట్లకు స్వారీ నేర్పే చిన్న ఆర్మీ యూనిట్ ఒకటి ఊరి శివార్లలో ఉంది. అక్కడ నేను దఫేదార్‌ని, అంటే గుర్రపు దళంలో హవల్దార్‌ని. జూన్ నెలలో, మధ్యాహ్నం రెండున్నరకి రైలు దిగాను. నల్ల ట్రంకుపెట్టె ఒకటి, హోల్డాల్ పరుపుచుట్ట ఒకటి, స్వారీ బూట్లు ఒక జత. ఎండ సరే, ఆ ఉక్కపోతకి చొక్కా పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చేట్టుంది.

రేకుల షెడ్డు, ఎనిమిది గుర్రాలు. ఒక్కోదాని గిట్ట చూసుకుంటూ వెళ్ళాను. మా గుర్రాలకి నంబరు గిట్ట మీద కాల్చి వేస్తారు. గిట్ట పెరిగే కొద్దీ అది చెరిగిపోతుంది, మళ్ళీ కాల్చాలి. ఆరో గదిలో రాగిరంగు ఆడగుర్రం. నంబరు 214. పేరు రాగిణి. పదేళ్ల కిందట ఉత్తరాదిన గుర్రాల డిపోలో దానికి జీను అలవాటు చేసింది నేనే. అక్కడ నాతో తెలుగు మాట్లాడే మనిషి లేడు. అందుకని దాంతో మాట్లాడేవాణ్ణి. ‘పదమ్మా’, ‘ఆగమ్మా’ అంటేనే దానికి తెలిసేది. హిందీ తర్వాత నేర్చుకుంది.

“ఏమ్మా, గుర్తున్నానా?” అన్నాను. చెవులు రెండూ నా వైపు తిప్పింది. మా ఆవిడ పోయి అప్పటికి మూడేళ్లు. నన్ను చూసి సంతోషపడ్డ ప్రాణి ఆ మూడేళ్లలో అదొక్కటే.

గుర్రాల్ని చూసుకునే సాయిస్‌ది గుణదల. అంతకుముందు గేదెల డైరీలో పనిచేశాడు. కొత్తగా చేరిన వారానికే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“దఫేదార్ గారూ, రాగిణి నెమరు ఆపేసిందండీ. పొద్దుట్నుంచీ చూస్తన్నా.”

“గుర్రం నెమరు ఎప్పుడు వేసిందయ్యా, ఇప్పుడు ఆపడానికి?”

యూనిట్ అంతా రెండ్రోజులు నవ్వుకుంది. గేదె నెమరు ఆపితే జబ్బు చేసినట్టు. గుర్రానికి అసలు నెమరే లేదు. ఒకసారి మింగిందంటే అంతే, వెనక్కి రాదు. కక్కుకోవడం కూడా దానికి చేతకాదు. అందుకే మేత మార్చేటప్పుడు కొంచెం కొంచెంగా మార్చాలి. ఈ పాఠం అతనికి చెప్పింది నేనే. అది గుర్తుపెట్టుకోండి.

నవంబరులో ముసురు పట్టింది. ఐదు రోజులు వదలకుండా వాన. స్టోరు రేకు కారి, గుర్రాలకి పచ్చిక ఎండబెట్టి కట్టిన గడ్డి బేళ్ళు బూజు పట్టాయి. కొత్త లోడు లారీ దారిలో ఎక్కడో నిలిచిపోయింది. పామర్రులో మా అక్క మొగుడికి ఫోన్ చేశాను. మర్నాడు వాన తెరిపిచ్చిన పూట ఆటో ట్రక్కు నిండా వరిగడ్డి వేసుకుని తనే వచ్చాడు. పోయినేటి వాములోంచి దూసిన పొడిగడ్డి. ఉల్లిపొరలా గలగలలాడుతోంది.

“రాగిణి ఇది తింటుందంటావా బావా?” అన్నాను.

“మా గేదెలు ఏడాది పొడుగునా ఇదే తింటన్నాయి. నీ మారాణి తినదా ఏంటి?”

చిన్నప్పట్నుంచీ ఆ గడ్డి మోసినవాణ్ణి. నాకూ అది మేతలాగే కనిపించింది. మిగతా ఏడు గుర్రాలూ వాసన చూసి వదిలేశాయి, దాణాతో సరిపెట్టుకున్నాయి. రాగిణి సగం కడుపుతో ఉంటే నేను చూడలేకపోయాను. బెల్లం నీళ్ళు చిలకరించి నా చేత్తో తినిపించాను. మూడు రోజులు అలా పెట్టాను.

నాలుగో రోజు తెల్లారి ఐదూ పదికి గదిలో లద్ది లేదు. నేల మీద ముందుకాలితో గీరుతోంది. తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది. దవడ కింద నాడి పట్టుకున్నాను. ముప్పై ఆరు ఉండాల్సింది యాభై రెండుంది. పొర్లితే పేగు మెలికపడుతుంది, పొర్లనివ్వకూడదు. తాడు పట్టుకుని మైదానం చుట్టూ నడిపించాను.

“పదమ్మా, పద.”

బురదలో నా బూటు ఊడిపోయింది. తీసుకోవడానికి ఆగలేదు. ఆరున్నరకి పశువుల డాక్టరమ్మ గారు వచ్చారు. ముక్కులోంచి గొట్టం వేసి నాలుగు లీటర్ల పారఫిన్ ఆయిల్ పోశారు. తొమ్మిదింటికి నాడి అరవై నాలుగు. పదకొండింటికి ఎనభై. ఆమె వెనకనుంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, చేతులు కడుక్కున్నారు.

“గడ్డి ఉండ కట్టింది దఫేదార్ గారూ. పేగు మెలికపడింది. ఆపరేషన్ ఇక్కడ కాదు. లారీ ఎక్కిస్తే దారిలోనే పోతుంది, నరకయాతన పడి.”

మా యూనిట్ పెద్ద, కల్నల్ సాబ్‌కి ఫోన్ చేశాను.

“సాబ్, నంబరు 214. బతకదు.”

“డాక్టర్ ఏమంటున్నారు?”

“అదే అంటున్నారు సాబ్.”

“అనుమతి ఇస్తున్నాను. నువ్వు దగ్గరుండు.”

పన్నెండూ నలభైకి ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చారు. తల నా ఒళ్ళో ఉంది. ‘ఆగమ్మా’ అన్నాను. వెనకాల సాయిస్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

రిపోర్టు రాసేటప్పుడు డాక్టరమ్మ గారు పెన్ను ఆపారు. “ముసురు కదండీ, వాతావరణం అని రాద్దామా?”

“వరిగడ్డి అని రాయండి. పెట్టింది నేనని రాయండి.”

ఆమె రాశారు. ఎవరూ నన్ను తిట్టలేదు. కల్నల్ సాబ్ కూడా భుజం తట్టి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆరో గది ఖాళీగా ఉంది. పొద్దున్నే ఐదింటికి లేచి అలవాటు కొద్దీ అక్కడిదాకా నడిచి వెనక్కి వచ్చేవాణ్ణి. తెలుగులో ఒక్క మాటా మాట్లాడకుండా గడిచిన రోజులున్నాయి. సొంత జిల్లాలో ఉండి!

మార్చిలో రిటైరై పామర్రు వచ్చాను. అక్కావాళ్ళ పెరట్లో ఒక గది వేసుకున్నాను. కిటికీ తీస్తే ఎదురుగా వాము, దాని పక్కన నాలుగు గేదెలు, పొద్దస్తమానం నెమరు వేస్తూ. ఇంటికి ఎవరొచ్చినా బావ నన్ను చూపించి గొప్పగా చెబుతాడు.

“మిలట్రీ గుర్రం మన గడ్డి తిందండీ. అడగండి, మావాణ్ణే అడగండి.”

అవునంటాను. గుర్రం బాగుందా అని అడిగితే బాగుందనే అంటాను. బావ మంచోడు. అడగ్గానే ముసురు రోజుల్లో పాతిక మైళ్ళు గడ్డి మోసుకొచ్చాడు. ఆ గడ్డి ఏం చేసిందో తెలిస్తే జన్మలో మళ్ళీ ఆ మాట ఎత్తడు, సగమైపోతాడు. అందుకని నా దగ్గరే ఉంచుకున్నాను.

ఒక్కటి మాత్రం కళ్ళ ముందునుంచి పోదు. మొదటి రోజు రాగిణి కూడా ఆ గడ్డి వాసన చూసి వెనక్కి జరిగింది. నా మొహంలోకి చూసింది. “తినమ్మా” అన్నాను. ముందుకొచ్చి తినేసింది. తిన్నాక, బెల్లం తడి ఆరిపోయినా, నా అరచెయ్యి నాకుతూనే ఉంది.