తళవాయిపురం బస్సు ఆగే గోడ

బస్‌స్టాండు గోడల మీద బొమ్మలు వేయడానికి మా ఊరి మున్సిపాలిటీ వాళ్ళు చిత్రకారులను పిలుస్తున్నారని నాకు చెప్పింది మా బడిలో లెక్కల టీచరు. తన ఫోనులో వచ్చిన ప్రకటన చూపించింది. నమూనా గీసి ఇవ్వాలి. నచ్చితే రంగులు వాళ్ళే ఇస్తారు, ఎక్కి నిలబడడానికి కర్రలతో సారం వాళ్ళే కట్టిస్తారు, ఆ తరువాత మున్సిపల్ హాల్లో అందరి బొమ్మలతో ప్రదర్శన కూడా పెడతారు. తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలోనే నేను డ్రాయింగు టీచరుగా చేరి చాలా ఏళ్ళయింది. పిల్లలకు పూలకుండీలూ కొండల వెనక సూర్యుడూ నేర్పడమే గాని, నా బొమ్మ ఒక్కటీ ఇంటి గడప దాటి బయటికి పోలేదు. ఆ సాయంత్రమే నమూనా గీయడానికి కూర్చున్నాను.

మిగతావాళ్ళు ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేవి తెచ్చారు. వేటకుక్కలు, మామిడిపళ్ళు, మిల్లు పొగగొట్టాలు. నేను బ్యాండేజీ గుడ్డ చేసే ఆడవాళ్ళను గీశాను. మా వీధిలో ఆ గుడ్డ నేసే షెడ్లు ఉన్నాయి. చిన్నప్పుడు బడికి పోతూ వస్తూ తెరిచిన తలుపుల్లోంచి వాళ్ళను చూసేదాన్ని. తలలో, కనుబొమల్లో దూది పీచు అంటుకుని అందరూ ఒకేసారి ముసలివాళ్ళైనట్టు కనిపించేవాళ్ళు. నా నమూనాలో వెనక కొందరు గుడ్డను చుట్టలు చుడుతుంటారు. ముందున్న ఒకామె మాత్రం గుడ్డను రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దాని పైనుంచి మనవైపు చూస్తుంటుంది.

మున్సిపాలిటీ ఇంజనీరు వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు, తమిళం తప్ప వేరే భాష తెలియదు. ఆయనకు ఆ బొమ్మ నచ్చింది. తళవాయిపురం బస్సు ఆగేచోట ఉన్న పొడవాటి గోడ నాకు ఇచ్చారు.

ఎండాకాలం సెలవుల్లో పని మొదలుపెట్టాను. పాత పోస్టర్లు గీకి, తెల్లరంగు పూసి, దారంతో గళ్ళు కొట్టుకుని బొమ్మను పెద్దది చేయడానికి చాలా రోజులు పట్టింది. పొద్దున వేసిన రంగు మధ్యాహ్నానికి గోడ వేడికి పొడిపొడిగా అయ్యేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు సలహాలు చెప్పేవాళ్ళు. చీరకు అంచు వేయమని ఒకరు, ఫ్యాను కూడా గీయమని ఒకరు. నాకు అదంతా సంతోషంగానే ఉండేది. నడివయసులో మొదటిసారి ఎవరో నా పని చూస్తున్నారు.

ముందున్న ఆమె ముఖాన్ని చివరికి ఉంచుకున్నాను. ఎదురుగా ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. నుదురు మా అమ్మదే కావాలనుకున్నాను, పెదవులు మా పక్కింటి వదినవి అనుకున్నాను. కాని కుంచె పట్టాక రెండూ రాలేదు. వేరే ముఖం వచ్చింది. కొంచెం పొడవాటి గడ్డం, లోపలికి పోయిన కళ్ళు, ఏదో అడగబోయి ఆగినట్టున్న నోరు. దిద్దాలని చూస్తే దిద్దే కొద్దీ ఆ ముఖమే గట్టిపడింది. బాగానే ఉందిలే అనుకుని వదిలేశాను. అంత తేలికగా నాకు ముఖాలు ఎప్పుడూ రావు. అప్పుడే కొంచెం భయం వేసింది. ఇంట్లో మా ఆయనతో అంటే, ఎండలో ఎక్కువసేపు నిలబడుతున్నావు, రేపు గొడుగు పట్టుకుపో అన్నారు.

ఆ మరుసటి పొద్దున తళవాయిపురం బస్సు దిగిన ఒక పెద్దాయన గోడ ముందు ఆగిపోయాడు. భుజాన తువ్వాలు, చేతిలో అన్నం క్యారియరు ఉన్న వైరుబుట్ట. ఏ మిల్లులోనో వాచ్‌మన్ అయివుంటాడు అనుకున్నాను. అందరూ బొమ్మంతా చూసి పోతారు. ఆయన ఒక్క ముఖాన్నే చూశాడు. నేను సారం దిగి నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కినా అక్కడే ఉన్నాడు. ఆ తరువాత రోజూ వచ్చాడు. పనికి ఆలస్యమయ్యేదాకా నిలబడేవాడు. సాయంత్రం బస్సు ఎక్కేముందు మళ్ళీ వచ్చేవాడు.

ఆదివారం ఆయన వెంట ఆయన కూతురు వచ్చింది. ఇరవై దాటి ఉంటుంది. గోడ వైపు చూసి నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది. నన్ను కిందికి దిగమని సైగ చేసింది. నేను ఇంట్లో మాట్లాడే తెలుగే, మా ఊళ్ళో అన్ని రకాల మనుషులూ మాట్లాడే తెలుగే, తనూ మాట్లాడింది.

"మా అమ్మను ఎక్కడ చూసినారు టీచర్?"

నాకు అర్థం కాలేదు. గోడ మీదున్నది వాళ్ళమ్మ అంటుంది ఆ అమ్మాయి. నేను ఎవరినీ చూసి గీయలేదని చెప్పాను. నమ్మలేదు. తండ్రి నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు, నేను ఇంకా ఏదో చెప్పబోతున్నాననీ, కొంచెం ఓపిక పడితే చెప్తాననీ అనుకుంటున్నట్టు.

టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి అడిగితే అమ్మాయి మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మ బ్యాండేజీ షెడ్డులో పని చేసేది. ఈ అమ్మాయి చిన్న క్లాసులో ఉన్నప్పుడు ఒక పొద్దున ఆమె మంసాపురంలో ఉన్న తన చెల్లెలి ఇంటికని ఇదే బస్‌స్టాండుకు వచ్చింది. చెల్లెలి ఇంటికి చేరలేదు. తిరిగి రాలేదు. ఇంట్లో గొడవ ఏమీ లేదు. పోలీసులకు చెప్పినారు, ఆసుపత్రులు తిరిగినారు, గుళ్ళ దగ్గర అన్నదానాల వరసల్లో వెతికినారు. ఇంట్లో ఉన్నది ఒక్క పెళ్ళి ఫోటో, అందులోనూ వానకు కారిన నీళ్ళు తగిలి ఆమె ముఖం తెల్లగా పోయింది.

"మీరు ఎక్కడో చూసి ఉండారు. మీకే మరపుకు వచ్చి ఉంటుంది. ఏ ఊళ్ళోనో, ఏ బస్సులోనో. యోచన చేసి చూడండి టీచర్."

నేను యోచన చేశాను. నిజంగానే చేశాను. ఆ రోజు నుంచి వేరే పనేమీ చేయలేదని చెప్పవచ్చు. అన్నం వడ్డిస్తూ ఆగిపోయేదాన్ని. మా వీధి షెడ్డు తలుపుల్లో కనిపించిన ముఖాలు, ఎప్పుడో తిరుచెందూరు పోయినప్పుడు రైల్లో ఎదురుగా కూర్చున్న ముఖాలు, అన్నీ తీసి చూసుకున్నాను. ఒక్కొక్కసారి దొరికినట్టే ఉండేది, మళ్ళీ జారిపోయేది.

అమ్మాయి తరచు రాసాగింది. వాళ్ళమ్మ ముక్కుపుడక ఎడమపక్కన పెట్టుకునేదని, గడ్డం కింద చిన్న మచ్చ ఉండేదని చెప్పింది. కొంచెం మార్చి వేయమని అడిగింది. నేను వేశాను. ఒక మనిషి వెతుక్కుంటున్న ముఖానికి ఒక చుక్క పెట్టమంటే ఎట్లా కాదంటాను? పుడక పెట్టేసరికి గోడ మీద ఆమె ఇంకా దగ్గరికి వచ్చినట్టయింది. నాకు ఆమె వైపు వీపు పెట్టి కుంచెలు కడుక్కోవడం కూడా ఇబ్బందిగా అనిపించేది.

గోడలన్నీ పూర్తయ్యాక హాల్లో ప్రదర్శనకు గోడబొమ్మనే చిన్నదిగా కాన్వాసు మీద వేసి ఇవ్వమన్నారు ఇంజనీరు. వేశాను. అక్కడా అదే ముఖం. దాన్ని వదిలి వెనక గుడ్డ చుడుతున్న వాళ్ళ ముఖాలు గీస్తే వాళ్ళకూ ఆమె గడ్డమే వచ్చింది. వెనకవాళ్ళందరినీ చెరిపేసి, ముఖాలు కనబడకుండా తలలు వంచి గీశాను.

ప్రదర్శన రోజు తండ్రీ కూతురూ ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. వాళ్ళ వెంట మంసాపురం నుంచి ఆ చెల్లెలు కూడా వచ్చింది. చేలో పని చేసి నల్లబడ్డ చేతులు, తలలో కనకాంబరాలు. ఛైర్మన్ గారు రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీశారు, నాకు శాలువా కప్పారు. ఆ సందడిలో ఆ చెల్లెలు నా బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. నేను పక్కకు పోయి నిలబడ్డాను. అక్క ముఖం చూసి ఏడుస్తుందేమో, పట్టుకోవాలేమో అనుకున్నాను. ఆమె ఏడవలేదు. నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది.

"ఇది మా అక్క కాదమ్మా."

అక్కకు గుండ్రటి ముఖమని, తన ముఖమే చూసుకొమ్మని, ఇద్దరినీ చూసినవాళ్ళు కవలలా అని అడిగేవాళ్ళని చెప్పింది. ఆమె ముఖం నిండు గుండ్రంగా ఉంది. గోడ మీది ముఖంతో ఎక్కడా పోలిక లేదు. మచ్చా పుడకా మాత్రం నిజమే.

"వాళ్ళకు చెప్పొద్దండి. ఇన్నాళ్ళకు మా బావ వేళకు తిని పండుకుంటా ఉండాడు."

ఆమె మళ్ళీ లోపలికి పోయి కూతురి భుజం మీద చెయ్యి వేసి, అవునే, అక్కే, అన్నట్టు తల ఊపడం నేను కిటికీలోంచి చూశాను.

ప్రదర్శన అయ్యాక ఆ బొమ్మను వాళ్ళకే ఇచ్చాను. ఇవ్వకుండా ఉండలేకపోయాను, ఇచ్చాక నిద్రా పట్టలేదు. ఒకసారి తళవాయిపురం పోయి చూశాను. ముందుగదిలో మేకుకు తగిలించారు. పూలు వేయలేదు. పూలు వేస్తే పోయినట్టు అవుతుందని తండ్రి వేయనీయడట. దాని కింద ఒక స్టూలు వేసుకుని అక్కడే కూర్చుని తింటున్నాడు. పని నుంచి వచ్చి ఆ రోజు ఏం జరిగిందో దానితో చెప్తాడని అమ్మాయి అంది.

బస్సుదాకా సాగనంపడానికి అమ్మాయి నా వెంట నడిచింది. దారిలో ఇక ఆపుకోలేక, బొమ్మలోది వాళ్ళమ్మ కాకపోవచ్చని చెప్పాను. వాళ్ళ చిన్నమ్మ చెప్పిన మాట ఎత్తలేదు. నాకే అనుమానం అన్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. కోపగించుకోలేదు.

"నాకు కూడా మొదట్లో కొంచెం అట్లే తోచింది టీచర్. చిన్నమ్మ మాదిరి ఉండాలి కదా అనుకున్నాను. ఇప్పుడు అమ్మ అంటే ఆ ముఖమే వస్తుంది. పాతది రావడం లేదు." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది, "ఆమె ఈ బస్సు దిగి వచ్చినా నాకు ఆనవాలు తెలియదు."

బస్సు వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఊరు చేరేదాకా బస్సు ఎక్కిన ప్రతి ఆడమనిషి ముఖమూ చూశాను. గుండ్రటి ముఖాన్ని వెతుకుతున్నానో, పొడుగు గడ్డాన్ని వెతుకుతున్నానో నాకే తెలియలేదు. ఒకామె ఎక్కడికో పోయింది, ఆమె ముఖాన్ని నేను తుడిచేశాను. ఇంకొకామె, ఎవరో, నా చేతిలోంచి వచ్చి ఆ మొదటి ఆమె ఇంట్లో కూర్చుంది. ఆ రెండో ఆమె ఎవరు? ఆమెనూ ఎవరైనా వెతుకుతున్నారా? ఇప్పటికీ నాకు ఇదే ప్రశ్న.

మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి పార్కు గోడలు. నేను పడమటి కొండలూ వాటి మీద దిగిన మబ్బులూ గీసి ఇచ్చాను. మనుషులు ఒక్కరూ లేరేమిటి మేడం, పోయినసారి మనుషులే కదా బాగా వచ్చారు అన్నారు ఇంజనీరు. కొండలు చాలు అన్నాను. ఆయన ఒప్పుకున్నారు గాని, వానకు బస్‌స్టాండు గోడ కింది భాగం పొక్కులు లేచిందని, దాన్ని కూడా ఒకసారి దిద్ది పెట్టమన్నారు.

ఒక పొద్దున కుంచెలు పట్టుకుని పోయాను. పొక్కులు కిందనే అన్నారు గాని, చెంప దగ్గర, చెవి దగ్గర కూడా రంగు లేచిపోయి ఉంది. సారం లేదు, బల్ల మీద ఎక్కి నిలబడ్డాను. అంత దగ్గరగా ఆ కళ్ళలోకి చూడలేక చూపు చెంప మీదే ఉంచుకున్నాను. తళవాయిపురం బస్సు వచ్చి ఆగింది. ఆయన దిగి, వైరుబుట్ట కింద పెట్టి, నా వెనక నిలబడ్డాడు. ఇన్నాళ్ళలో ఆయన నాతో నేరుగా మాట్లాడింది లేదు.

నేను గీకుడు బిళ్ళతో చెవి పక్కన లేచిన రంగును తీయబోయాను.

"చెవి దగ్గర మెల్లగా అమ్మా," అన్నాడు. "దానికి అక్కడ చక్కిలిగిలి."

నేను బిళ్ళ పక్కన పెట్టి, వేలితో మెల్లగా తీశాను.