మగ నత్తల బకెట్టు

పెళ్లయిన కొత్తలో మగవాడికి లోకంలో తనకు తెలియనిదేదీ లేదనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకూ అలాగే ఉండేది. సోలాపూర్ నీలం నగర్‌లో మాది చిన్న ఇల్లు. పక్క సందులోనే నేను పనిచేసే పవర్‌లూమ్ షెడ్డు. పొద్దంతా మగ్గాల చప్పుడులో నిలబడి వచ్చేవాణ్ణి కనుక, ఇంట్లో చెంబు కూడా కదపనక్కర్లేదని నా గట్టి నమ్మకం. (మా అమ్మా, నా భార్యా నీళ్లు పట్టి, వండి, మిగిలిన పొద్దంతా బీడీలు చుట్టేవాళ్లు. అది నా లెక్కలో పనికిందికి రాలేదు.) ఆ ఎండాకాలం నా భార్య కడుపుతో ఉంది. ఏం తిన్నా నిలిచేది కాదు, ఒక్క పుంటికూర, అదే గోంగూర తప్ప. అదీ బజారులో దొరికే తెల్లకాడది పనికిరాదు. అమ్మ వాకిట్లో అరుగు మీద పాత నూనె డబ్బాల్లో పెంచుతున్న ఎర్రకాడదే కావాలి. అమ్మ రోజుకు పిడికెడు ఆకు కోసి పప్పులో వేస్తే, కోడలు ఆ పూటకు నాలుగు ముద్దలు తినేది. ఆ డబ్బాలే నా భార్యకు ప్రాణం.

కాబోయే తండ్రిగా ఆ డబ్బాలకు నేనూ ఏదైనా చేయాలనుకున్నాను. నీళ్లు పోయవచ్చు గానీ అందులో కష్టముంది. అందుకని అలంకారం చేశాను. షెడ్డు వెనక ఇటుకల కుప్పలో నత్తగుల్లలు కనిపించాయి. బొటనవేలంత, గోధుమరంగు చారలతో ముచ్చటగా ఉన్నాయి. ఒక్కోదాని నోటికి అడ్డంగా కాగితంలాంటి తెల్లటి పొర. సున్నం అంటిందనుకుని, సంచి నిండా ఏరి తెచ్చి అరుగు అంచున వరుసగా పేర్చాను.

నా భార్య మురిసిపోయింది. “చూసినవా అత్తమ్మా, నీ కొడుక్కు గూడ పని చేసుడొస్తది.”

“వస్తది బిడ్డా. అక్కరలేని పనైతే మస్తొస్తది,” అంది అమ్మ.

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే నా భార్య కేక. “ఏమయ్యో, జల్ది రా! నువ్వు పెట్టిన గుల్లలు నడుస్తున్నయి!”

వెళ్లి చూస్తే నిజమే. నా అలంకారం కొమ్ములు చాచి పుంటికూర ఎక్కుతోంది. మా సోలాపూర్ ఎండకు తాళలేక నత్త నోటికి తలుపు వేసుకుని నెలల తరబడి నిద్రపోతుందని, తడి తగిలితే లేస్తుందని, లేవగానే ఆకలితో ఉంటుందని నాకేం తెలుసు? అడుగు ఆకులు అప్పటికే జల్లెడలయ్యాయి. ఉప్పు డబ్బా పట్టుకొచ్చాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “అరె, పాగల్ అయినవారా? పెండ్లాం కడుపుతోటుంటె మొగోడు చీమను గూడ చంపొద్దు. అన్నీ ఏరి, రోడ్డవతల బీడు జాగల ఇడిసిరా పో.”

అన్నీ అంటే నా మనసొప్పలేదు. నేను తెచ్చిన కానుకను నేనే పారేయడమా? అందుకని అప్పటికప్పుడు ఒక శాస్త్రం కనిపెట్టాను. “ఆడయి ఇడిసొస్త. మగయి ఉంచుదాం. గుడ్లు పెట్టేటియి ఆడయే గదా.” కొమ్ములు పొడుగ్గా ఉన్నవి మగవని తేల్చాను. (నా దృష్టిలో అవి మీసాలు.)

“మగయి ఇంట్ల ఉంటె ఏం కాదా?” అంది నా భార్య.

“ఏమైతది? అవేం చేస్తయి?”

“అవు, ఏం చెయ్యయి. నాకెర్కనే,” అంది చేతిలో బీడీ మడుస్తూ, నావైపే చూస్తూ.

మీసాలవాళ్లను పగిలిన బకెట్టులో మట్టిపోసి వేశాను. అమ్మ బీడీ ఆకు తడిపే గోనెపట్టా ఒకటి పైన కప్పాను. రోజూ తొక్కలూ ఆకులూ వేసే పూచీ నాదేనని మాటిచ్చాను. రెండు రోజులు వేశాను. ఆ తర్వాత షెడ్డులో పని ఎక్కువైంది. (ఎక్కువ కాలేదు. మరిచిపోయాను.) కొన్నాళ్లకు ఒక పొద్దున లేచి చూస్తే డబ్బాల్లో ఎర్రటి కాడలు మాత్రమే నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. ఆకలికి నత్తలు రాత్రే బకెట్టు దిగాయి. అమ్మ కోపంగా బకెట్టు బోర్లించింది. మట్టిలోంచి సాబుదానాలాంటి గుడ్లు జలజలా రాలాయి.

“ఓరి నీ పాడుగాను! నీ మొగ నత్తలు కన్నయిరా!”

వాడకట్టంతా వచ్చి చూసింది. షెడ్డులో చాలాకాలం “బాలింతలు మంచిగున్నరా?” అని అడిగేవారు. అందరూ నవ్వారు, నా భార్య తప్ప. ఆమె ఆ ఖాళీ కాడల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నం అమ్మ పెట్టిన మజ్జిగన్నం కూడా కక్కేసింది. అప్పుడు నాకు నవ్వు పోయి భయం పట్టుకుంది.

షెడ్డుకు నాగాపెట్టి సైకిలెక్కాను. కొంతం చౌక్ దాకా కూరలమ్మే ప్రతి గంప దగ్గరా ఆగి, “మావశీ, అంబాడీ ఆహే కా? లాల్ దేఠాచీ?” అని మరాఠీలో ఎర్రకాడ పుంటికూర అడిగాను. అందరి దగ్గరా తెల్లకాడదే. చివరికి ఒక ముసలామె, ఎర్రదే ఎందుకని నిలదీసి, సంగతి విని, తన ఇంటి కోసం పక్కన పెట్టుకున్న వాడిన కట్ట తీసిచ్చింది. ఇంటికొచ్చి ఆకులు నేనే తుంచాను. (పిడికెడు ఆకు తుంచి కడగడానికి అంత సేపు పడుతుందని అప్పుడే తెలిసింది.) పప్పు కూడా నేనే వండాను. నా భార్య తిన్నది. అమ్మా నేనూ ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాం. అన్నం నిలిచింది.

“ఉప్పెక్కువైంది,” అంది కొంచెంసేపటికి.

“నత్తలకని తెచ్చింది మిగిలింది గదా,” అంది అమ్మ. అప్పుడు నవ్వింది నా భార్య.

సాయంత్రం మీసాలవాళ్లనూ, వాళ్ల గుడ్లనూ మట్టితో సహా రోడ్డవతల దించి వచ్చాను.

ఆ కడుపులోని బిడ్డే ఇప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చదువుతోంది. మొన్న ఈ కథ విని పొట్ట పట్టుకుని నవ్వింది. “బాపూ, గా నత్తలల్ల ఆడ వేరు, మగ వేరు ఉండదు. ఒక్కొక్కటి రెండూ. జతకట్టినంక రెండూ గుడ్లు పెడ్తయి.”

“అట్లనా?” అంది నా భార్య పక్కనుంచి. “మంచిగున్నది. మీసాలున్నా తప్పించుకునుడు లేదన్నట్టు.”

నేనప్పుడు పుంటికూర తుంచుతున్నాను. ఇప్పుడా పని నాదే. ఈ ఎండాకాలం అరుగు కింద గోడ పగులులో ఒక నత్త కనిపించింది, నోటికి తెల్లటి తలుపేసుకుని. తీసి పారేద్దామంది కూతురు. వద్దన్నాను. వాన పడేదాకా పడుకోనీ. నేను లేవడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది. పుంటికూర డబ్బాలను మాత్రం అవతలి గోడ దగ్గరికి జరిపాను.