గాజు గ్లాసులో కట్ట మన్ను

ఈ ఉదయం జర్మనీ నుంచి మెయిలు వచ్చింది. ప్రొఫెసరుగారు పోయారని వాళ్లమ్మాయి రాసింది. చదువుతుండగానే బయట జల్లు మొదలైంది. అనంతపురంలో వాన పడితే జనం సంబరంగా వాకిట్లోకి వస్తారు. నేను మాత్రం తొమ్మిదేళ్లుగా తలుపులేసుకుని లోపలే కూర్చుంటాను. నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైనవాడికి వానంటే భయమంటే ఎవరైనా నవ్వుతారు.

ప్రొఫెసరుగారిది జర్మనీ. మట్టికట్టల ఇంజనీరు, తాపీమేస్త్రీ కొడుకు. కొలువులో చేరిన కొత్తలో ఒక కట్ట అడుగున ఊరుతున్న నీళ్లు తేటగానే ఉన్నాయని పైపైన చూసి సంతకం పెట్టి భోజనానికి వెళ్లారట. తిరిగొచ్చేసరికి కట్ట లేదు, దానిమీద పనిచేస్తున్న ఇద్దరు కూలీలూ లేరు. ఆ తర్వాత కట్టడం మానేసి, కాలేజీలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పారు. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: ఊటనీళ్లను గాజు గ్లాసులో పట్టి చూడాలి. తేటగా ఉంటే వస్తున్నవి నీళ్లే. మురికిగా ఉంటే లోపల కట్టే కరిగిపోతోందన్నమాట. రిటైరయ్యాక శింగనమల వైపు పాత చెరువులు చూడాలని వచ్చి మా ఇంట్లో దిగారు. ఇదంతా మా అరుగు మీద, వేరుశెనగ ఊరుబిండి పచ్చడి కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూ, సంగటి తింటూ చెప్పారు. అవన్నీ కారానికొచ్చిన కన్నీళ్లేనని అనుకున్నాను.

ఆ ఏడు మా ఊరి చెరువుకు ఏడేళ్ల తర్వాత నీళ్లొచ్చాయి. ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరువ మీద జనం ఇసుక సంచులు పేర్చారు, ఒక్క చుక్క కూడా కింది ఊరికి పోకూడదని. అలా చేస్తే చెరువులో నీళ్లు పెరిగి బరువంతా కట్ట మీద పడుతుంది; నీళ్లకు కొదవలేని ఊళ్లలో ఎవరూ అలా చెయ్యరు. ఆ చెరువు ఓవర్సీరుగా, పేర్చుకోండని తలూపింది నేనే. నేనూ ఈ కరువులో పుట్టినవాడినే కదా.

గంగపూజ నాడు ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. పసుపు, చీరలు, పొట్టేళ్లు, చంకన పిల్లలు. మా ఆవిడ కూడా అక్కడే. ప్రొఫెసరుగారు కట్ట కింద ఊటనీళ్లు పట్టి గ్లాసులు జీపు బానెట్ మీద పెడుతున్నారు. మొదటిది తేటగా ఉంది. రెండోది కాస్త మసక. మూడోది పట్టి, డెబ్బై ఏళ్ల మనిషి దాన్ని పట్టుకునే పరుగున కట్ట ఎక్కారు. ముఖంలో నెత్తురు లేదు. అందరినీ దించు, సంచులు తీయించు అన్నారు ఇంగ్లీషులో. ఆ మాటే తెలుగులో అరిచాను. ఎవరూ కదల్లేదు.

మా పెదనాయన వెళ్లి సంచుల మీద కూర్చున్నాడు. "ఏమిరా, ఏడేండ్లకు వచ్చిండే నీళ్లను పొమ్మంటాండావా? ముందు నన్ను ఈడనుంచి ఎత్తేయ్, ఆమీద సంచులెత్తు."

ప్రొఫెసరుగారు వాదించలేదు. గ్లాసు పెదనాయన చేతిలో పెట్టారు. పెదనాయన నీళ్లు ఒంపేసి, అడుగున మిగిలిన మన్ను వేళ్ల మధ్య నలిపాడు. చెరువులోది నల్లమన్ను. ఇది ఎర్రగా ఉంది.

"ఇది కట్ట మన్నురా! ఆడోళ్లను, పిల్లోళ్లను దింపండ్రా!"

మొదటి సంచి లాగింది ఆయనే.

మరువ మీంచి నీళ్లు హోరుమని దూకుతుంటే, దిగుతున్న గుంపులో మా ఆవిడ కోసం వెతుకుతున్నాను. కాళ్ల కింద కట్ట మెత్తగా తగిలింది. అంత భయం నా జన్మలో ఎరగను. మా ఆవిడతో సహా అందరూ దిగాక నడిమిన కట్ట మోకాలి లోతు కుంగింది, కానీ నిలబడింది. సాయంత్రానికి ఊటనీళ్లు తేటపడ్డాయి. అప్పుడు ప్రొఫెసరుగారు జీపు చక్రానికి ఆనుకుని కూర్చుని, చాలా భయమేసిందంటూ వెక్కి వెక్కి ఏడ్చారు.

సంచులకు ఒప్పుకున్నదెవరని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. తన దేశం వెళ్లాక ప్రతి ఏడూ చెరువు ఎలా ఉందని రాసేవారు. ఈసారి చెప్పేద్దామనుకుని, చివరికి వాన బాగుందని మాత్రం రాసి పంపేవాణ్ణి. ఇద్దరి ప్రాణాలు తీసిన తన తప్పును ఆయన పరిచయమైన మొదటి వారంలోనే నాతో చెప్పుకున్నారు. నా తప్పు చెప్పుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు చాలలేదు.